లిఫ్టు ఏఎంసీకి మూడు కొటేషన్లు, ఐదుగురు కమిటీ సభ్యులు, 0.4 మార్కు తేడా: ఎవరికివ్వాలి?

నిజాంపేట_కార్యదర్శి | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ నిజాంపేటలో అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. గ్రౌండ్ కాకుండా నాలుగు అంతస్తులు. నాలుగు బ్లాకులు, బ్లాకుకో లిఫ్టు. పన్నెండేళ్ళ నాటివి. ఈ నెలాఖరుకి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) అయిపోతుంది.

పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక కరెంటు పోయి, మా పక్కింటి అమ్మగారు రెండు, మూడు అంతస్తుల మధ్య లిఫ్టులో ఇరుక్కుపోయారు. ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళు. జనరేటర్ ఆన్ చేసినా లిఫ్టు కదల్లేదు. మెకానిక్‌కి పదకొండు సార్లు ఫోన్ చేశాం, ఎత్తలేదు. మూడో అంతస్తులో డోరు నెట్టి, ఆ సందులోంచి టార్చి చూపిస్తూ, మాట్లాడిస్తూ కూర్చున్నాను. గంటా పది నిమిషాలు పట్టింది. బయటికి వచ్చాక ఆవిడ ఒక్క మాటా అనలేదు. మెట్లు పట్టుకుని మెల్లగా పైకి ఎక్కి వెళ్ళిపోయారు. అప్పటినుంచి లిఫ్టు ఎక్కడం లేదు.

ఈసారి గట్టిగా చూసి ఎంచుకుందామని మూడు కొటేషన్లు తెప్పించాం. జీఎస్టీ కలిపి చెబుతున్నాను. పేర్లు రాయను, క, ఖ, గ అనుకోండి.

క: లిఫ్టులు తయారుచేసిన కంపెనీయే. ఏడాదికి 3,00,000. రాత్రి పిలిస్తే 60 నిమిషాల్లో వస్తారట. స్పేర్ పార్టుకి 2 రోజులు.
ఖ: నగరంలో చాలా అపార్ట్‌మెంట్లు చూసే సర్వీసు సంస్థ. 2,30,000. రాత్రి 45 నిమిషాలు. స్పేర్లకి 7 రోజులు.
గ: ఇప్పుడు చేస్తున్నవాళ్ళే. 1,40,000. రాత్రి సగటున 150 నిమిషాలు (మా రిజిస్టర్ ప్రకారం). స్పేర్లకి 15 రోజులు. నెలవారీ సర్వీసు మాత్రం శ్రద్ధగా చేస్తారు, పాత చెయ్యి.

కమిటీలో కూర్చుని ధరకు 50, రాత్రి రెస్క్యూకి 20, స్పేర్లకి 20, నెలవారీ సర్వీసుకి 10 అని వెయిటేజీ పెట్టుకున్నాం. ఒక్కో అంశంలో అందరికన్నా మేలైన వాళ్ళకి 100, అధ్వాన్నమైన వాళ్ళకి 0, మధ్యవాళ్ళకి దామాషాలో, దగ్గరి పూర్ణాంకానికి. నెలవారీ సర్వీసుకి మాత్రం మాకు తోచినట్టు గకి 100, ఖకి 60, కకి 0 ఇచ్చాం. మొత్తం వేస్తే ఖకి 60.4, గకి 60, కకి 37.2 వచ్చింది.

0.4 తేడా చూసి కమిటీ రెండుగా చీలిపోయింది. "ధరకు 55 పెడితే గ గెలుస్తుంది" అని ఒకరు, "రెస్క్యూకి 30 పెట్టాల్సింది" అని ఇంకొకరు. రెండు మీటింగులు గొడవతోనే ముగిశాయి. ఈ లెక్కని నమ్మొచ్చా? మరో పద్ధతి ఏమన్నా ఉందా?

విశాఖ_పర్చేజ్ | శనివారం, రాత్రి 10:55

కార్యదర్శి గారూ, ఇరవై రెండేళ్ళుగా ఫ్యాక్టరీ పర్చేజ్ విభాగంలో ఉన్నాను. మీ గొడవకి కారణం 0.4 కాదండి. "ధరకు 50" అన్నప్పుడు మీ ఐదుగురి మనసులో ఐదు అర్థాలున్నాయి.

ధర ముఖ్యమా, రెస్క్యూ ముఖ్యమా అని అడిగితే జవాబు ఉండదు. ఎంత ధర? ఎంత రెస్క్యూ? తేడా పది రూపాయలే అయితే ధరను ఎవరూ పట్టించుకోరు, పది లక్షలైతే అందరూ పట్టించుకుంటారు. మీ ముందున్న మూడు కొటేషన్లలో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య దూరం ఎంతో చూసి, ఆ దూరానికే వెయిటేజీ ఇవ్వాలి. దీన్ని స్వింగ్ వెయిట్ అంటారు.

ఒక్కో సభ్యుణ్ణీ ఇలా అడగండి. "అన్నిట్లోనూ అధ్వాన్నమైన ఒక సంస్థ ఉందనుకోండి. అత్యధిక ధర, రాత్రి 150 నిమిషాలు, స్పేర్లకి 15 రోజులు, నాసి సర్వీసు. వీటిలో ఒక్కదాన్ని మాత్రమే అట్టడుగు నుంచి పైకి మార్చే అవకాశం మీకిస్తే దేన్ని మారుస్తారు?" ఆయన చెప్పినదానికి 100. తర్వాత దేన్ని? మొదటి మార్పుతో పోలిస్తే అది ఎంత విలువ, 70? 40? అలా నాలుగూ అయ్యాక మొత్తంతో భాగిస్తే ఆయన వెయిటేజీలు వచ్చేస్తాయి.

రెండు విషయాలు మాత్రం మరిచిపోకండి. ఒక్కొక్కరినీ విడిగా అడగాలి, ఒకరి కాగితం ఇంకొకరు చూడకూడదు. ట్రెజరర్ గట్టిగా ఒక అంకె చెప్పాక పక్కవాళ్ళు దాని చుట్టూనే తిరుగుతారు. రెండోది, వచ్చిన ఐదు కాగితాలకీ వెంటనే సగటు తీయకండి. ఎవరి కాగితంతో వాళ్ళ లెక్క వేసి చూడండి.

ధర గురించి ఇంకో మాట. వెండర్ ఎంపిక మీద 1966లో డిక్సన్ అనే ఆయన అమెరికా, కెనడాల్లో 273 మంది కొనుగోలు అధికారుల్ని అడిగి 23 అంశాల వరస తయారుచేశాడు. నాణ్యత మొదటిది, టైముకి ఇవ్వడం రెండోది. ధర ఆరోది. నా అనుభవంలో కూడా, ముందు ధర అనే మనుషులు విడిగా కూర్చోబెట్టి అడిగితే వేరేలా చెబుతారు.

టెండర్ల_ఇంజినీర్ | ఆదివారం, ఉదయం 7:20

ప్రభుత్వ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి కలుపుతాను. మార్కులిచ్చే సూత్రం కూడా ముందే రాసుకోవాలి.

మీరు ధరను 0 నుంచి 100 దాకా సాగదీశారు, ఖకి 44 వచ్చింది. మేం క్వాలిటీ, కాస్ట్ రెండూ చూసే టెండర్లలో అలా చేయం. అందరికన్నా తక్కువ కొటేషన్‌ని ఎదుటివాళ్ళ కొటేషన్‌తో భాగించి నూరుతో గుణిస్తాం. అలా చేస్తే ఖకి దాదాపు 61 వస్తుంది. మీ వెయిటేజీలే ఉంచినా ఖ మొత్తం 69 దగ్గరికి వెళ్ళిపోతుంది, గ 60 దగ్గరే ఉంటుంది. మనుషులు మారలేదు, కొటేషన్లు మారలేదు. సూత్రం మారింది, అంతే. కొటేషన్లు తెరిచాక సూత్రం ఎంచుకుంటే, నచ్చినవాళ్ళని గెలిపించుకోవడానికే అని ఎవరైనా అంటారు, కాదని మనం చెప్పలేం.

చాలాకాలం మా దగ్గర కన్సల్టెన్సీ తప్ప మిగతా అన్నిటికీ ఎల్1 ఒక్కటే. అర్హత దాటినవాళ్ళలో ఎవరు తక్కువ వేస్తే వాళ్ళకే పని. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల్లో పనులకీ, ఇతర సేవలకీ కూడా కొన్ని షరతులతో క్వాలిటీకి మార్కులు వేయనిచ్చారు. కానీ ధర కాని అంశాలకి 30 శాతం మించకూడదన్నారు. ప్రభుత్వ సొమ్ము కాబట్టి ఆ జాగ్రత్త. మీకు ఆ కట్టుబాటు లేదు, కాబట్టి మీ మనసులో ఉన్నదాన్ని నిజాయితీగా అంకెల్లో పెట్టుకోండి.

లిఫ్ట్_మెకానిక్ | ఆదివారం, ఉదయం 11:05

సార్, పదిహేనేళ్ళుగా లిఫ్టు పని చేస్తున్నాను. ఇప్పుడు ఏ కంపెనీలోనూ లేను, సొంతంగా రిపేర్లు చేస్తాను. మీ అంకెల్లోనే తప్పులున్నాయి, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఇంకెప్పుడూ డోరు నెట్టకండి. కారు (మనుషులు ఎక్కే లిఫ్టు పెట్టె) రెండు అంతస్తుల మధ్య ఆగినప్పుడు డోరు తెరిచి ఉంటే, లోపలివాళ్ళు కంగారులో దూకబోయి కింద షాఫ్ట్‌లో పడిపోయే ప్రమాదం ఉంది. లోపలున్నవాళ్ళతో మాట్లాడుతూ ఉండండి, గాలి ఆడుతుందని చెప్పండి, అంతే.

గ వాళ్ళ 1,40,000 నాన్-కాంప్రహెన్సివ్ అయి ఉంటుంది. చూసుకోండి. రోప్, డోర్ మోటారు, కంట్రోలర్ కార్డు, ఏఆర్‌డీ (ఆటోమేటిక్ రెస్క్యూ డివైస్) బ్యాటరీలు అన్నీ విడిగా బిల్లు వేస్తారు. మిగతా ఇద్దరిదీ కాంప్రహెన్సివ్ అయితే ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. మూడేళ్ళ స్పేర్ల బిల్లులు తీసి సగటు కలపండి.

కరెంటు పోతే దగ్గర అంతస్తుకి తీసుకెళ్ళి డోరు తెరవడమే ఏఆర్‌డీ పని. ఆ రాత్రి అది పనిచేయలేదంటే బ్యాటరీలు చచ్చిపోయి ఉంటాయి. నెలనెలా వచ్చే మనిషి మెయిన్ ఆపి చూడలేదన్నమాట. శ్రద్ధగా చేస్తున్నారని మీరు 100 మార్కులు ఎలా ఇచ్చారు? నూనె వేసి, గుడ్డతో తుడిచి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటే శ్రద్ధ కాదు సార్. నేను వెళ్ళిన కంప్లయింట్లలో సగానికి పైగా డోరువే. లాక్ కాంటాక్టులో దుమ్ము, సెన్సార్ మీద మరక, గుమ్మంలో పల్లీ తొక్కు. అవి చూసేవాడే మంచి మెకానిక్.

ఇక "45 నిమిషాల్లో వస్తాం" అనేది సేల్స్ మనిషి మాట. వాళ్ళు చూసే మూడు అపార్ట్‌మెంట్లకి వెళ్ళి వాచ్‌మన్‌ని అడగండి, బ్రేక్‌డౌన్ రిజిస్టర్ చూడండి. ఎన్నింటికి ఫోన్ చేశారు, ఎన్నింటికి వచ్చారు అని రెండు టైములూ ఉంటాయి.

వరంగల్_లెక్చరర్ | ఆదివారం, సాయంత్రం 4:30

ఆపరేషన్స్ రీసెర్చ్ చెబుతాను. ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) అనే పద్ధతి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి కొంచెం రాస్తాను. థామస్ సాటీ 1970లలో తయారుచేశాడు. అంశాలను రెండేసి చొప్పున పోల్చమంటుంది. రెస్క్యూ, ధరల్లో ఏది ముఖ్యం, ఎన్ని రెట్లు? 1 నుంచి 9 దాకా స్కేలు. నాలుగు అంశాలకి ఆరు పోలికలు చాలు. ఎనిమిది అంశాలైతే ఇరవై ఎనిమిది అవుతాయి, అక్కడికి వచ్చేసరికి మనుషులు విసిగిపోయి ఏదో ఒకటి చెప్పేస్తారు.

ఇందులో నాకు నచ్చేది, మనిషి తనతో తనే విభేదిస్తున్నాడేమో పట్టుకోగలగడం. మా కాలనీ వాటర్ ట్యాంకర్ కాంట్రాక్టుకి ఒక పెద్దాయన్ని ఇలాగే అడిగాను. టైముకి రావడం ధరకన్నా మూడు రెట్లు ముఖ్యం అన్నారు. ధర, నీటి శుభ్రతకన్నా రెండు రెట్లు అన్నారు. కాసేపాగి, శుభ్రత టైముకి రావడంకన్నా రెండు రెట్లు అన్నారు. చుట్టూ తిరిగి మొదటికి వచ్చింది. ఈ అస్థిరతని కొలిచే నిష్పత్తి 0.1 లోపుంటే సరే అంటాడు సాటీ. ఆయన జవాబులకి 0.6 దాటింది. నేను కాగితం చూపించగానే ఆయన నవ్వి, "నీళ్ళు మురికిగా వస్తే అసలు తీసుకోను కదా, దాన్ని ఇందులో ఎందుకు పెట్టావ్?" అన్నారు. ఆయన మాట నిజం. శుభ్రత అనేది మార్కుల అంశమే కాదు, గేటు దగ్గర ఆపాల్సిన షరతు. మీకు కూడా ఇన్సూరెన్స్, శిక్షణ ఉన్న సిబ్బంది లాంటివి మార్కుల్లో కలపకండి. అవి లేకపోతే కొటేషన్ తెరవకండి.

ఏహెచ్‌పీ మీద విమర్శ కూడా ఉంది. కొత్తగా ఒక పోటీదారుని కలిపితే పాత ఇద్దరి వరస తారుమారు కావచ్చని 1983లో బెల్టన్, గేర్ అనే ఇద్దరు చూపించారు. ఐదుగురి పోలికల్ని కలిపేటప్పుడు గుణోత్తర మధ్యమం తీస్తారు. ఒకరు 4 అని, ఇంకొకరు నాలుగోవంతు అని చెబితే ఫలితం 1, అంటే రెండూ సమానం. ఆ గదిలో ఎవరూ సమానం అనలేదు! అందుకే విశాఖ ఆయన సగటు వద్దన్న మాట నాకు చాలా సబబుగా అనిపించింది.

విశాఖ_పర్చేజ్ | ఆదివారం, సాయంత్రం 5:15

లెక్చరర్ గారు చెప్పిన తారుమారు మీ మొదటి లెక్కలోనూ జరుగుతుంది. ఎవరైనా 5,00,000కి ఒక నాలుగో కొటేషన్ తెచ్చి పెట్టారనుకోండి. ధర సాగి ఖ మార్కు 44 నుంచి 75కి పోతుంది. మిగతా అంశాల్లో ఆ నాలుగో సంస్థ మధ్యస్థంగా ఉందనుకుంటే ఖ మొత్తం 76 దాకా వెళుతుంది, గ 60 దగ్గరే. తీసుకునే ఉద్దేశం లేని కొటేషన్ ఒక్కటి ఫలితాన్ని తేల్చేస్తుంది. తోడు కొటేషన్లు తెచ్చేవాళ్ళని నేను చాలామందిని చూశాను. దూరం మారితే వెయిటేజీ మళ్ళీ అడగాల్సిందే.

బెజవాడ_గ్రౌండ్‌ఫ్లోర్ | ఆదివారం, రాత్రి 8:50

నాది విజయవాడ, గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు. లిఫ్టు ఎక్కను. అయినా అందరితో సమానంగా కడుతున్నాను. కమిటీలో నేను ధర అంటే "మీకేం తెలుస్తుంది మా బాధ" అంటారు. నా పెన్షన్‌లోంచి కట్టేది నాకు తెలుసు. నిర్ణయం తీసుకునేవాళ్ళు అంటే లిఫ్టు ఎక్కేవాళ్ళే కాదు, డబ్బు కట్టేవాళ్ళు కూడా. మా మాటని స్వార్థం అని కొట్టిపారేయకుండా కాగితం మీద రాసుకోండి, అది చాలు.

న్యూజెర్సీ_నుంచి | సోమవారం, ఉదయం 6:10

మా అమ్మానాన్న మియాపూర్‌లో నాలుగో అంతస్తులో ఉంటారు. మెయింటెనెన్స్ నేను పంపిస్తాను, లిఫ్టు వాళ్ళు ఎక్కుతారు. పెంచుతున్నామని మెసేజ్ వస్తే ఎందుకని అడిగేవాణ్ణి. ఈ థ్రెడ్ చదివాక అమ్మకి ఫోన్ చేసి, లిఫ్టు చెడిపోయిన రోజున ఏం చేస్తారని అడిగాను. నాన్న మందులకి కిందికి దిగరట, వాచ్‌మన్ తెచ్చిస్తాడట. ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు.

నిజాంపేట_కార్యదర్శి | బుధవారం, రాత్రి 10:20

అందరికీ చేతులెత్తి దణ్ణం. మీరు చెప్పినవన్నీ చేశాం.

మెకానిక్ గారూ, మీరన్నది అక్షరాలా నిజం. గ వాళ్ళది నాన్-కాంప్రహెన్సివే. మూడేళ్ళ స్పేర్ల బిల్లుల సగటు ఏడాదికి 60,000. అంటే అసలు ఖర్చు 2,00,000. ధరలో ఇప్పుడు దూరం లక్ష రూపాయలే. అరవై ఫ్లాట్లకి పంచితే ఫ్లాటుకి నెలకి 139 రూపాయలు. ఆ అంకె బోర్డు మీద రాయగానే మా ట్రెజరర్ గారు కుర్చీలో ముందుకి జరిగి, "ఇంతేనా? దీనికా మనం రెండు వారాలు కొట్టుకున్నది?" అన్నారు.

నెలవారీ సర్వీసు మార్కులు కూడా మార్చబోయాం. తర్వాత, గకి ఇచ్చిన 100 అలాగే ఉంచి చూద్దాం, దానితో కూడా గెలవకపోతే వాదనే ఉండదు అనుకున్నాం.

ఐదుగురం విడివిడిగా కాగితాలు రాశాం. నేను: రెస్క్యూ 100, స్పేర్లు 70, ధర 50, సర్వీసు 30. నా లెక్కలో ఖ 78.6, క 62.4, గ 32. ట్రెజరర్ గారు: ధర 100, రెస్క్యూ 60, స్పేర్లు 30, సర్వీసు 10. ఆయన లెక్కలో ఖ 77.3, గ 55, క 40.8. నాకూ ఆయనకీ రెండు వారాలుగా మాటల్లేవు. ఇద్దరి కాగితాలూ ఒకే సంస్థని చూపిస్తున్నాయి! మూడో సభ్యురాలిదీ ఖనే, 78.8.

మా కమిటీలోని గ్రౌండ్ ఫ్లోర్ సభ్యుడు ధరకి 100, మిగతా మూడిటికీ పదేసి ఇచ్చారు. ఆయనకి గ 84.6, ఖ 70.9.

ఐదో ఆయన కాగితం చూసి అందరం కాసేపు మాట్లాడలేదు. స్పేర్లు 100, రెస్క్యూ 60, ధర 20, సర్వీసు 0. ఆయన లెక్కలో క 84.2, ఖ 75.6, గ 11.1. వాళ్ళ అబ్బాయి వీల్‌చెయిర్‌లో ఉంటాడని మాకందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట కార్డు కాలిపోయి వాళ్ళ బ్లాకు లిఫ్టు పదహారు రోజులు ఆగితే, ఆ పిల్లాడు పదహారు రోజులూ స్కూలుకి వెళ్ళలేదన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆయన మీటింగుల్లో ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. సగటు తీసి ఉంటే ఈ సంగతి అంకెల కింద పడిపోయేది.

విశాఖ_పర్చేజ్ | బుధవారం, రాత్రి 11:30

కార్యదర్శి గారూ, ఇది చదివి చాలా సంతోషమేసింది. ఇప్పుడు రెండు పనులు చేయండి.

ట్రెజరర్ గారి మిగతా నిష్పత్తులు అలాగే ఉంచి ధర ఒక్కటే పెంచుకుంటూ పోయాను. ధర వెయిటేజీ 71 శాతం దాటితేగానీ గ గెలవదు. గ్రౌండ్ ఫ్లోర్ ఆయన ఇచ్చింది 77 శాతం. ఆయనకి ఖకీ గకీ మధ్య తేడా ఎంతో రూపాయల్లో చెప్పండి. 30,000ని అరవై ఫ్లాట్లకి, పన్నెండు నెలలకి పంచితే నెలకి 42 రూపాయలు. ఒప్పుకోమని ఒత్తిడి చేయకండి. అంకె చెప్పి ఊరుకోండి.

ఐదో ఆయన కాగితం ఖతో బేరానికి పనికొస్తుంది. అందరూ బేరం అనగానే ధర తగ్గించమంటారు. మీకు కావాల్సింది అది కాదు, ఆ 7 రోజులు తగ్గాలి. మీ మోడల్ కంట్రోలర్ కార్డు ఒకటి, డోర్ మోటారు ఒకటి మీ మెషిన్ రూములోనే పెట్టమనండి. 7 రోజులు 3 అయితే ఆయన లెక్కలో కూడా ఖ 92 దాకా వెళ్ళి 'క'ని దాటేస్తుంది.

లిఫ్ట్_మెకానిక్ | గురువారం, ఉదయం 8:15

కార్డు పెట్టించుకునే ముందు ఒకటి అడగండి సార్. కంట్రోలర్ సెట్టింగులకి పాస్‌వర్డ్, చేతి టూల్ అవసరమయ్యే మోడల్ అయితే తయారీ కంపెనీ తప్ప వేరేవాళ్ళు తెరవలేరు. ఖ వాళ్ళ మనిషిని పిలిచి, మీ ముందే పారామీటర్లు తెరిచి చూపించమనండి. చూపించలేకపోతే, వాళ్ళు ఒప్పుకున్నా ఆ 3 రోజులూ మాటలే.

సంతకం పెట్టే ముందు ఏదో ఒక రాత్రి పదకొండున్నరకి వాళ్ళ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయండి. ఎత్తుతారా, ఎన్ని రింగులకి, ఎత్తినవాడికి లిఫ్టు గురించి తెలుసా అన్నది తేలిపోతుంది.

టెండర్ల_ఇంజినీర్ | గురువారం, ఉదయం 9:00

45 నిమిషాలు, 3 రోజులు అన్న మాటలు కాంట్రాక్టులో రాయించండి, దాటితే ఎంత కోతో కూడా. మార్కులు ఏ మాటకి వేశారో ఆ మాట అగ్రిమెంటులో లేకపోతే ఆ మార్కులకి అర్థం లేదు. ఐదు కాగితాలూ మినిట్స్‌కి జతచేయండి. వచ్చే ఏడాది కమిటీ మారినా ఎందుకు ఎంచుకున్నారో తెలుస్తుంది.

నిజాంపేట_కార్యదర్శి | తర్వాతి మంగళవారం, రాత్రి 9:30

ఖతో సంతకాలయ్యాయి. మనిషిని పంపించి పారామీటర్లు తెరిచి చూపించారు. కార్డు, డోర్ మోటారు మా మెషిన్ రూములో పెట్టారు, మాకు రసీదిచ్చారు. రాత్రి ఫోన్‌కి నాలుగో రింగులో ఎత్తారు. వాళ్ళు చూసే రెండు అపార్ట్‌మెంట్ల రిజిస్టర్లు చూశాం. 45 కాదు, 55 దాకా పడుతోంది. అగ్రిమెంటులో 60 రాయించి, దాటితే కోత పెట్టాం. 55తో మళ్ళీ లెక్క వేసినా ఎవరి కాగితంలోనూ మొదటి స్థానం మారలేదు.

గ్రౌండ్ ఫ్లోర్ ఆయన తన కాగితం మార్చలేదు. 42 రూపాయలు విని, "నా మాట రాసుకున్నారు కదా, సరే" అన్నారు. మినిట్స్‌లో ఆయన అభ్యంతరం ఆయన మాటల్లోనే ఉంది.

ఈ రోజు సాయంత్రం నాలుగు లిఫ్టుల్లోనూ ఏఆర్‌డీ బ్యాటరీలు మార్చారు. మెకానిక్ మెయిన్ ఆపి చూపిస్తానన్నప్పుడు పక్కింటి అమ్మగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. లిఫ్టు రెండో అంతస్తు దాటాక మెయిన్ ఆపాడు. ఒక్క క్షణం ఆగి, మెల్లగా కదిలి, మూడో అంతస్తులో డోరు తెరుచుకుంది. ఆవిడ "ఇంకోసారి చూపించు బాబూ" అన్నారు. చూపించాడు. మూడోసారి తనూ లోపలికి ఎక్కారు.